ఇవతలి గట్టు సీటు

ఏటికి ఇవతలి గట్టున, మద్దిచెట్టు కింద, ఎలుగుబంటి వైద్యుడు కోటయ్యగారి బడి. ముల్లు గుచ్చుకున్న కాలి దగ్గర్నుంచి తేలు కుట్టిన తోక దాకా అన్నిటికీ అక్కడే మందు, అక్కడే చదువు. ఆ ఏడు బడిలో ఒక్క సీటే ఖాళీ. అదీ ఇవతలి గట్టువాళ్లకే. చదువుకోసం ఎటెళ్లినా పర్లేదు, ఇల్లు మాత్రం ఇక్కడే ఉండాలన్నది కోటయ్యగారి నియమం.

ఆ సీటు మీద ముంగిసపిల్ల నాంచారి పంచప్రాణాలూ పెట్టుకుంది. చిన్నప్పట్నుంచీ వైద్యం పిచ్చి దానికి. ఉడత వద్దు మొర్రో అంటున్నా వినకుండా తోకకి కట్టు కట్టిన రకం. పరీక్షకి తయారవడానికి కిందటి వానాకాలమంతా అవతలి గట్టున పెద్దమ్మ ఇంట్లో ఉండి, కళ్లు మూసుకుని వాసనతోనే ఆకులు గుర్తుపట్టడం నేర్చుకుంది. పరీక్ష ఇట్టే గట్టెక్కింది కూడా. కోటయ్యగారికి వయసు మీదపడింది, ఇక కొత్తవాళ్లని చేర్చుకోనని చెప్పేశారు. ఇప్పుడు రాకపోతే ఆ సీటు ఇంకెప్పటికీ రాదు.

తీరా చేరే రోజు నాంచారి వెళ్లేసరికి మద్దిచెట్టు కింద ఇవతలి గట్టు నక్క గవర్రాజు తిష్ఠ వేసుకుని ఉన్నాడు. పక్కన మేనల్లుడు బుల్లిరాజు, ఒళ్లంతా నున్నగా దువ్వుకుని. వాడూ పరీక్ష గట్టెక్కాడట.

"మావాడిదీ ఇవతలి గట్టేనండీ. మా ఇంట్లోనే పుట్టాడు, మా ఇంట్లోనే పెరిగాడు, ఆయ్" అన్నాడు గవర్రాజు.

"మరి మేమెప్పుడూ చూళ్లేదే?" అన్నారు కోటయ్యగారు.

"సిగ్గరండి. బయటికి రాడు."

నాంచారికి ఒళ్లు మండిపోయింది. "అబద్ధం డాక్టరుగారూ! ఈ బుల్లిరాజు వాళ్ల కలుగు అవతలి గట్టున రేగుపొదల కిందుంది. మా పెద్దమ్మ ఇంటి ఎదురుగానే. రోజూ పొద్దున్నే ఇతను పీతలు పట్టుకుంటుంటే నా కళ్లతో చూశాను!"

గవర్రాజు మొహం వెలిగిపోయింది. "విన్నారా అండీ! అవతలి గట్టున ఎవరి కలుగెక్కడుందో, ఎవరు పొద్దున్నే ఏం తింటారో అన్నీ ఈ అమ్మాయికే తెలుసు. మరి అక్కడ కాపురమున్నదెవరండీ? మావాడా? ఈవిడా?"

చుట్టూ చేరిన జంతువులన్నీ "అవునవును" అన్నట్టు తలలూపాయి. చదువుకోసం వెళ్లానండీ అని నాంచారి ఎంత మొత్తుకున్నా ఎవరూ వినిపించుకోలేదు. నిజం చెప్పి ఇరుక్కోవడమంటే ఏమిటో దానికి అప్పుడు తెలిసింది.

"అయితే నాలుగు ప్రశ్నలు వేస్తాను. ఇవతలివాళ్లెవరో తేలిపోతుంది" అన్నారు కోటయ్యగారు. "బుల్లిరాజూ, తంగేడు పొదలు దాటాక ఎడమ దారి ఎటు పోతుంది?"

"తేనెకొండకండీ. కుడిది దున్నల మడుగుకి. మడుగు పక్కన పుట్టలో పాముంది, దాని పెద్ద కూతురు అలిగి పుట్టింటికొచ్చిందండీ."

"కుందేలు అత్తాకోడళ్లు ఎందుకు వేరుపడ్డారు?"

"ముల్లంగి దగ్గరండీ. తప్పు అత్తదే."

జనంలో ఉన్న అత్త కుందేలు చెవులు దించుకుంది. గవర్రాజు మీసం దువ్వుకున్నాడు. మేనల్లుణ్ని కూర్చోబెట్టి ఎంత రుబ్బాడో ఏమో, ఇవతలి గట్టు మొత్తం వాడి నాలుక చివరుంది.

"నాంచారీ, నువ్వు చెప్పు. మీ ఇంటి నుంచి ఏటికి వచ్చే దారిలో ఎన్ని చెట్లున్నాయి?"

"చెట్లా? ఎప్పుడూ చూళ్లేదండీ. కాళ్లే తీసుకొచ్చేస్తాయి."

అందరూ పగలబడి నవ్వారు. పుట్టి పెరిగిన దారిలో చెట్లు ఎవరు లెక్కపెడతారు? ఆ మాట దానికి అప్పుడు తోచలేదు, పాపం. కళ్లలో నీళ్లు తిరిగాయి. సీటు చేజారిపోయిందనుకుంది. ఇంట్లో అమ్మ కలుగు ఊడ్చి, డాక్టరమ్మ వస్తుందని ఎదురుచూస్తోందన్న సంగతి గుర్తొచ్చి మరీ ఏడుపొచ్చింది.

సరిగ్గా అప్పుడే మిట్టమధ్యాహ్నమైంది. ఏటిరాళ్ల మీంచి తీతువుపిట్ట సూరమ్మ కేక పెట్టింది.

"వచ్చేసింది! వచ్చేసింది! మింగేస్తుంది! పారిపోండో!"

ఉడత గింజ కొరుకుతూనే ఉంది. దున్న నెమరు ఆపలేదు. గవర్రాజు చెవైనా కదపలేదు. నాంచారి ముక్కు చీదుకుంటూ, అటు చూడకుండానే, "సూరమ్మత్తా, ఎండలో గొంతు పోతుంది, కాసిన్ని నీళ్లు తాగు" అంది, రోజూ అనే మాటే.

బుల్లిరాజు మాత్రం "అమ్మోయ్!" అని గాల్లోకి లేచాడు. మందుపొడుల దొన్నెల్లో పడ్డాడు, పసుపురంగుకి తిరిగాడు, కోటయ్యగారి వీపు మీంచి దూకాడు, అత్త కుందేల్ని తొక్కాడు, ఏట్లో దబ్బున పడ్డాడు. బుడుంగు బుడుంగుమంటూ ఈదాడు. అవతలి గట్టెక్కి, నేరుగా రేగుపొదల కింద కలుగులోకి దూరిపోయాడు. పసుపు తోక ఒక్కటే బయట వణుకుతోంది.

గట్టంతా అటే చూసింది. తర్వాత దున్న మొదలెట్టింది నవ్వడం. ఇక ఆపితే ఒట్టు.

సూరమ్మ గుడ్లు ఆ రాళ్ల మీదే. మిట్టమధ్యాహ్నం ఎండమావి కదిలిందంటే చాలు, గుడ్లు మింగే మృగమేదో వచ్చిందనుకుని రోజూ అలాగే అరుస్తుంది. ఇవతలివాళ్లకి ఆ అరుపు అన్నానికి పిలుపు లాంటిది, అంతే. బుల్లిరాజు రోజూ ఆ వేళకి కలుగులో గాఢనిద్రలో ఉంటాడు, ఎప్పుడూ వినలేదు.

"గవర్రాజూ, మీవాడు క్షేమంగా ఇల్లు చేరాడయ్యా" అన్నారు కోటయ్యగారు, ఒంటిమీది పొడి దులుపుకుంటూ.

గవర్రాజు తల బాదుకున్నాడు. "చెట్టూ పుట్టా నేర్పాను, గొడవలు నేర్పాను, ఈ మాయదారి పిట్ట సంగతి ఎలా మర్చిపోయానండీ?"

"మర్చిపోలేదు. పుట్టినప్పట్నుంచీ ఇక్కడే ఉన్నావు కదా, అది నీకు వినపడ్డం ఎప్పుడో మానేసింది. నాంచారి అటు చూడనైనా లేదు." కోటయ్యగారు ముంగిసపిల్ల వైపు తిరిగారు. "సీటు నీదే తల్లీ. ఇదిగో ఉత్తరేణి పసరు. ఆ కుర్రాడి ఒళ్లంతా రేగుముళ్లు దిగుంటాయి. వెళ్లి రాసి రా."

నాంచారి సంతోషం పట్టలేక మద్దిచెట్టు చుట్టూ గిరగిరా తిరిగేసింది. ఏట్లోకి దిగబోతూ ఆగింది.

"అవతలి గట్టుకి వెళ్తే నా సీటు పోదు కదండీ?"

"పోదు. మధ్యాహ్నం కేకకి నువ్వు ఉలిక్కిపడనన్నాళ్లూ పోదు" అన్నారాయన.

ఊరి సంగతులు ఎవరైనా బట్టీ పట్టొచ్చు. భయమేసినప్పుడు కాళ్లు మాత్రం సొంతింటికే పరుగెడతాయి.