వన్నూరమ్మ సైగలు

కోచ్ వన్నూరమ్మకు ఒకటే దిగులు. తన సైగలు పిల్లలకు ఎందుకు అందడం లేదు?

సాఫ్ట్‌బాల్‌లో కోచ్ ఏం చేయమంటోందో అరిచి చెబితే అవతలి జట్టుకూ తెలిసిపోతుంది. అందుకే మూడో బేస్ పక్కన, అంటే పరుగెత్తేవాళ్లు చేరాల్సిన మూడో గుర్తు పక్కన, నిలబడి చేతులతో చెబుతుంది. మోచేయి తడిమితే తర్వాతి బేస్‌కు పరుగెత్తాలి. చెవి పట్టుకుంటే బంతిని కొట్టకుండా బ్యాట్‌కు అలా తాకించి వదలాలి, దాన్నే బంట్ అంటారు. అదైనా టోపీ ముట్టుకున్నాక చేసిన సైగే లెక్క. మిగతావన్నీ ఎదుటివాళ్లను బురిడీ కొట్టించడానికి. కదిరి దగ్గర ఒక హైస్కూలు గ్రౌండ్‌లో ఈవిడ సైగలు చూసినవాళ్లు, పాపం తేనెటీగలు ముసిరాయేమో అనుకునేవాళ్లు.

ఇంత కష్టపడ్డా మొన్నటి మ్యాచ్ పోయింది. రెండో బేస్ మీదున్న లాల్‌బీని పరుగెత్తమంటే సగం దూరం వెళ్లి ఆగిపోయింది. ఔట్. అంతకుముందు మ్యాచ్‌లోనూ అదే పని. చూస్తే జట్టులో దానంత వేగంగా పరుగెత్తేవాళ్లు లేరు. జిల్లా పోటీలకు ఈ సాయంత్రమే పేర్లు పంపాలి. లాల్‌బీని తీసేద్దామని వన్నూరమ్మ నిశ్చయించుకుంది. కానీ మనసొప్పక, తనకు బ్యాట్ పట్టడం నేర్పిన ఖాజా సార్ దగ్గరికి వెళ్లింది.

"దానికి బుర్రకెక్కడం లేదు సార్. ఇంకెట్ల నేర్పేది?"

"ఎందుకు ఆగినావని అడిగినావా?"

"అడిగితే నేలచూపులు చూస్తాది."

ఖాజా సార్ టీ గ్లాసు పక్కన పెట్టి, ఆమెతో పాటే గ్రౌండ్‌కు వచ్చాడు. పిల్లలను రెండు జట్లుగా నిలబెట్టాడు. తర్వాత భుజం మీది తువ్వాలు తీసి, వన్నూరమ్మ చేతులు వెనక్కి పెట్టించి వదులుగా కట్టేశాడు. పిల్లలు కిసుక్కుమన్నారు.

"అక్క ఏం చెప్తాందో చూసి ఆడండమ్మా," అన్నాడు.

చేతులు కట్టేసి, చూసి ఆడమంటాడేమిటి! పెద్దాయనకు మతి తప్పిందేమోనని వన్నూరమ్మకు భయం వేసింది. పిల్లలు మాత్రం మారుమాట లేకుండా వెళ్లి నిలబడ్డారు.

అంజినమ్మ బ్యాట్ పట్టుకుంది. ఇప్పుడు బంట్ చేస్తే బాగుండునని వన్నూరమ్మ అనుకుంటూ ఉండగానే, ఆ పిల్ల బంట్ చేసింది. మొదటి బేస్ మీది పిల్ల కదిలితే బాగుండునని అనుకుంది. కదిలింది. ఇదేం విడ్డూరం?

కాసేపటికి లాల్‌బీ రెండో బేస్ చేరింది. పరుగెత్తవే, అని వన్నూరమ్మ మనసులోనే అరిచింది. లాల్‌బీ ఆమె వంక చూసింది. ఒక అడుగు వేసి, మళ్లీ వెనక్కి వచ్చి బేస్ మీద నిలబడింది.

ఖాజా సార్ ఆట ఆపి పిల్లలను పిలిచాడు.

"అంజినమ్మా, బంట్ ఏల చేసినావు?"

"బంట్ కావాలంటే అక్క మన కాళ్లకాడ నేల చూస్తాది సార్. ఎప్పుడూ అంతే."

"పరుగెత్తమంటే?"

"మడమలు లేపుతాది," అని నలుగురైదుగురు ఒక్కసారే అన్నారు.

వన్నూరమ్మ తన మడమల వంక చూసుకుంది. ఇన్నాళ్లూ వాటి సంగతి ఆమెకే తెలియదు. నవ్వు వచ్చింది, సిగ్గూ వేసింది. ఇంకా ఏమేం కనిపెట్టారో అడగాలనిపించింది.

"మరి నువ్వేల ఆగినావు?" అని సార్ లాల్‌బీని అడిగాడు.

లాల్‌బీ నేలచూపులు చూసింది.

"చెప్పు బేటీ. అక్క చేతులు కట్టేసి ఉండాయి, కొట్టదులే."

అందరూ నవ్వారు. లాల్‌బీ నవ్వలేదు.

"నేను పరుగెత్తల్ల అంటే అక్క కండ్లు మూసుకుంటాది సార్."

"మూసుకుంటే?"

"ఔటైపోతానని అక్కకు ముందే తెలిసిపోయినట్ల. మొన్న మ్యాచ్‌లో గూడా చెయ్యి పొమ్మనె, కండ్లు మూసుకునె. దేన్ని నమ్మల్ల సార్?"

నేనెప్పుడు మూసుకున్నాను అనబోయింది వన్నూరమ్మ. మొన్న లాల్‌బీ ఔటవడం ఆమె చూడలేదు. అంపైర్ కేక విన్నది, అంతే. అది గుర్తుకొచ్చేసరికి ప్రాణం చివుక్కుమంది.

ఖాజా సార్ తువ్వాలు విప్పి భుజాన వేసుకున్నాడు.

"ఇంకొక్క బంతి వేయించు," అన్నాడు.

లాల్‌బీ మళ్లీ రెండో బేస్ మీద నిలబడి ఇటు చూసింది. వన్నూరమ్మ టోపీ ముట్టుకుంది, మోచేయి తడిమింది. బంతి వేసే పిల్ల చేయి గిర్రున తిరిగింది. లాల్‌బీ దుమ్ము లేపుకుంటూ పరుగెత్తుకొచ్చింది. దుమ్ము కళ్లలో పడి నీళ్లు కారుతున్నా వన్నూరమ్మ రెప్ప వాల్చలేదు. లాల్‌బీ జారుతూ వచ్చి మూడో బేస్ అందుకునేలోపే, అక్కడున్న పిల్ల బంతి పట్టి ఆమె భుజానికి తాకించింది.

"ఔట్," అన్నాడు ఖాజా సార్. తర్వాత వన్నూరమ్మ వైపు తిరిగాడు. "పేర్లు పంపల్ల అంటివి. చెప్పు మరి."

"మొదటి పేరు లాల్‌బీ సార్."

"ఔటాయె కదమ్మా?"

"ఔటే సార్," అంది వన్నూరమ్మ, కళ్లు తుడుచుకోకుండానే. "ఆగలేదు."