సగం గూళ్ల లోయ

మీ ఊళ్లో ఆఖరి అంగడికి తాళం పడిన నాడు, ఆ తలుపు మీదే 'ప్రగతి' అని కాగితం అంటించి పోయిందెవరో మీరు చూశారా? చూసి కూడా, మనకెందుకులే అని ఇంటికి పోయారా? జవాబు ఇప్పుడే వద్దు. ముందు ఓబన్నకు ఏం జరిగిందో వినండి.

ఓబన్న గిజిగాడు. నల్లరాతి లోయలో, వాగు మీదికి వంగిన తుమ్మచెట్టుకు గూళ్లు అల్లి, వాటిని పిచ్చుకలకిచ్చి, బదులుగా వాళ్లు తెచ్చే గింజలు తిని బతికేవాడు. ఆ లోయ ఒకప్పుడు ఇట్లా లేదు. కొండ కడుపులోంచి నల్లరాయి తవ్వి ఏనుగులు మైదానంలో ఉన్న సింహప్రభువు కోటకు మోసేవి. ఏనుగులు నడిచే దారి పొడుగునా ఏదో ఒక వ్యాపారం నడిచేది. వాటి వీపుల మీద పురుగులేరే కొంగలు, దాహానికి చెలమలు తోడే అడవిపందులు, అలసినవాళ్లకు పాట పాడే మైనాలు. ఒకనాడు కోటకు నల్లరాయి అక్కర్లేకపోయింది. ఏనుగులు వెళ్లిపోయాయి. వాటి వెనకే కొంగలు, పందులు, మైనాలు. కొండకు పడిన పెద్ద గుంత, వానాకాలమంతా ఎడతెగని వాన, ఎక్కడికీ పోలేని చిన్నాచితకా ప్రాణులు మిగిలాయి.

ఓబన్న అన్నదమ్ములు కూడా మైదానానికి పోయారు. ఆయన పోలేదు. "నేను పోతే పిచ్చుకలకు గూడెవరు అల్లుతారు?" అనేవాడు. పిచ్చుకలేమో, "ఓబన్న మామ ఉన్నాడని ఉన్నాం గానీ, ఈ లోయలో ఏముందని?" అనేవి. అట్లా ఒకరిని చూసి ఒకరు ఆగారు. ఆ ముడి ఒక్కటే లోయను లోయగా నిలిపింది.

గిజిగాళ్ల పనిలో ఒక పద్ధతుంది. గూడు సగమే అల్లి ఆపుతారు. అప్పటికది బోర్లించిన గంటలా ఉంటుంది, అడుగున అడ్డంగా ఒక గట్టి పట్టీ. కాపురముండబోయే పిచ్చుక వచ్చి ఆ పట్టీ మీద కూర్చోవాలి. ఊగాలి. గాలి ఎటు తగులుతోందో, జల్లు ఎటు కొడుతోందో ఒంటితో చూసుకోవాలి. "మామా, గుడ్లగది ఇటు పెట్టు, తలుపు అటు దించు" అని ఆమె నోటితో చెప్పాలి. అప్పుడే మిగతా సగం. నచ్చకపోతే ఎగిరిపోతుంది, సగం గూటి రెల్లే నష్టం. ఆ రెల్లు కూడా ఏ పూటకు ఆ పూటే కోసేవాడు ఓబన్న. గని మసి పడిన గట్టు మీద మిగిలింది ఒక్కటే రెల్లుదుబ్బు మరి.

ఆ ఏడు తొలకరి పడింది. తుమ్మకొమ్మలకు సగం గూళ్లు వేలాడుతున్నాయి. అప్పుడు వచ్చింది నక్క, మెడకు పట్టుపట్కా చుట్టుకుని.

గట్టు మీద మేస్తున్న మేక నరసక్క తలెత్తింది. లోయలో నోరున్న మనిషంటే ఆమే. "ఏం బావా, ఇటెట్లా దారి తప్పావు? ఇక్కడ కోళ్లు కూడా లేవు కదా!"

"బావా గీవా అనకు. నేనిప్పుడు కొలువువారి చేయూత అధికారిని. సార్ అనాలి."

"అట్లాగే సార్ బావా."

నక్క పళ్లు కనబడకుండా నవ్వింది. "వెనకబడిన లోయల చిరు వ్యాపారాలను నిలబెట్టాలని ప్రభువులవారి సంకల్పం. ఏమయ్యా గిజిగా, ఈ గూళ్లేంటి, సగంలో ఆగిపోయాయి? బద్ధకమా, బలం లేకనా?"

"ఒప్పుదల కావాలి సార్," అన్నాడు ఓబన్న వినయంగా. "పిచ్చుకమ్మలు వచ్చి ఊగి చూసుకుంటారు. ఆ తర్వాత..."

"అంటే పని పూర్తి కాలేదు."

"పని ఇంతే సార్. ఇది ఇట్లాగే..."

"చూడు నాయనా. దారిలో పోతూ చూస్తే ఇవి గూళ్లలా ఉన్నాయా, ఉరికొయ్యకు తగిలించిన టోపీల్లా ఉన్నాయా? ప్రభువులవారు వానలు ముదిరేలోపు ఈ దారినే వస్తారు. పూర్తయిన ప్రతి గూటికీ ఒక మోపు గడ్డి కోటనుంచి పంపిస్తాం. సగం గూటికి ఏమీ లేదు. పైగా తలుపులన్నీ దారివైపే ఉండాలి, ఆయనకు కనబడాలి కదా!"

"దారివైపా? జల్లు కొట్టేది అటునుంచే సార్."

"జల్లు వచ్చిపోయేది. ప్రభువులవారు ఒక్కసారే వస్తారు."

ఓబన్న రెల్లుదుబ్బు వైపు చూశాడు. మోపులకు మోపులు గడ్డి వస్తే! మైదానంలో ఉన్న తమ్ముళ్లకు కబురు పెట్టొచ్చు. తుమ్మచెట్టు మళ్లీ గూళ్లతో బరువెక్కుతుంది. ఆయన కళ్లు చెమ్మగిల్లడం నక్క చూసింది. అంతే చాలు దానికి.

"ఓబన్నా, వద్దు," అంది నరసక్క. "గూట్లో ఉండేది పిచ్చుకా, సింహమా? కాపురం చేసేదాన్ని అడగకుండా తలుపెట్లా పెడతావు? ఏం సార్ బావా, నువ్వు ఎప్పుడైనా గుడ్డు పెట్టావా? తినడమే తెలుసు నీకు!"

చుట్టూ చేరిన పిచ్చుకలు కిచకిచ నవ్వాయి. నక్కకు కోపం రాలేదు. అదే దాని విద్య. "ఇదీ! ఇట్లాంటి గొంతే కావాలి మాకు. నరసక్కగారిని లోయ సలహాదారుగా వేస్తున్నాను," అని సంచిలోంచి మెరిసే ఇత్తడి గంట తీసి ఆమె మెడకు కట్టింది.

నరసక్క వాగులో తన నీడ చూసుకుంది. నిజం చెప్పాలి కదా, గంట ఆమెకు బాగుంది. ఏనుగులు పోయాక ఆ లోయలో ఎవరి మెడలోనూ ఏదీ మెరవలేదు.

"ఇక అందరిముందూ అడుగుతున్నాను," అంది నక్క గొంతు పెంచి. "గూళ్లు పూర్తి చేయడానికి సలహాదారుగారు ఒప్పుకుంటున్నారా?"

నరసక్క కాదని గట్టిగా తలూపింది. గంట గణగణమంది.

"విన్నారుగా! ఒప్పుకున్నారు."

"నేను కాదన్నాను!"

గంట ఇంకా గట్టిగా మోగింది. ఆ మోతలో ఆమె మాట పక్కనున్న ఓబన్నకే సరిగా వినబడలేదు. పైగా ఆయనకు ఆ క్షణాన వినాలనీ లేదు.

ఓబన్న రెల్లంతా కోశాడు. ఏ పూటకు ఆ పూటే కోసినవాడు, విత్తనానికి వదిలే నడిమి పిలకలను కూడా వదల్లేదు. చేయూత రానే వస్తోంది కదా! ముక్కు అరిగేలా అల్లాడు. అన్నిటికీ తలుపు దారివైపే. చూడముచ్చటగా ఉన్నాయి గూళ్లు, దూరంనుంచి.

మొదట వచ్చింది బసమ్మ. పోయిన ఏడు జల్లుకు గుడ్లు తడిసి పాడైపోయిన పిచ్చుక. ఈసారి పొడి గూడు కావాలని మొదటినుంచీ ఓబన్నతో చెప్పుకుంటూనే ఉంది. వచ్చి గూటి చుట్టూ తిరిగింది.

"మామా, పట్టీ ఏది? నేనెక్కడ కూర్చుని చూడాలి?"

"చూసేదేముంది తల్లీ, అయిపోయింది. లోపలికి పోయి చూడు, మెత్తగా ఉంటుంది."

బసమ్మ లోపలికి పోయింది. అప్పుడే చినుకు మొదలైంది. తలుపులోంచి జల్లు సూటిగా గుడ్లగదిలోకి కొట్టింది. రెక్కలు తడిసి బయటికొచ్చింది.

"నీకు చెప్పాను కదా మామా."

"చెప్పావు."

"మరి?"

ఓబన్న తలుపు అంచున తడిసిన రెల్లును ముక్కుతో సర్దాడు.

"విప్పి ఇటు తిప్పి అల్లలేవా? నేను ఆగుతాను. రెండు పూటలైనా ఆగుతాను."

"రెల్లు లేదమ్మా. ఒక్క ఆకు కూడా లేదు. కోటనుంచి గడ్డి వస్తుంది. వచ్చీ రాగానే నీదే అల్లుతాను."

"నా కడుపులో గుడ్లు కోట గడ్డి వచ్చేదాకా ఆగుతాయా మామా?" ఆ మాటలో కోపం లేదు. కోపమున్నా ఓబన్న తట్టుకునేవాడు. ఆమె తడిసిన రెక్కలతోనే మైదానంవైపు ఎగిరింది. మిగతా పిచ్చుకలు ఒక్కొక్కటే వచ్చాయి, పట్టీకోసం వెతికాయి, బసమ్మ పోయిన దారి పట్టాయి.

తర్వాత ప్రభువు వచ్చాడు. దున్నలు మోసే పల్లకీలోంచి మీసం ఒక్కటే బయటపెట్టి చూశాడు. వాగు మీద బంగారు రంగు గూళ్లు వరసగా ఊగుతున్నాయి.

"ఆహా, ఎంత కళ వచ్చిందయ్యా ఈ లోయకు! ఇంతకుముందు ఇన్ని ఇళ్లుండేవా?"

"లేవు ప్రభూ," అంది పల్లకీ పక్కన నడుస్తున్న నక్క. "అన్నీ సగం సగం కొంపలు. తమ చేయూత పేరు వినగానే పూర్తయ్యాయి."

"వీళ్లకింకేమైనా లోటుందా?"

నరసక్క ఉండబట్టలేక దారికి అడ్డంగా దూకింది. "ఉంది ప్రభూ! ఆ గూళ్లలో ఒక్క ప్రాణి లేదు! తొంగి చూడండి! అన్నీ ఖాళీ!" అని తల విదిలించి విదిలించి అరిచింది. గంట లోయంతా మార్మోగింది.

"ఏమిటా మోత?"

"తమకు జయం పలుకుతున్నారు ప్రభూ."

సింహం తృప్తిగా మీసం లోపలికి తీసుకుంది. పల్లకీ కదిలింది. ఓబన్న కొమ్మ మీదే ఉన్నాడు. కేక వేయొచ్చు, ఆయన మెడకు గంట లేదు కూడా. కానీ ఇన్ని గూళ్లనూ అల్లింది తన ముక్కే. ఖాళీ అని తన నోటితోనే ఎట్లా చెప్పడం? ఆ కాస్త సిగ్గుతో ఆకుల చాటుకు జరిగాడు. పల్లకీ మలుపు తిరిగింది.

గడ్డి మాత్రం వచ్చింది. అబద్ధం చెప్పకూడదు, మోపులకు మోపులు వచ్చింది. దున్నలు దించిపోయాయి. ఓబన్న పరుగున దిగి ఒక పోచ ముక్కున పట్టి వంచాడు. పుటుక్కుమంది. ఇంకోటి. అదీ అంతే. ఎండి గలగల్లాడే గడ్డి. పచ్చి ఆకు చీల్చి, నార తీసి ముడివేసే ముక్కుకు అది దేనికి?

"సార్, ఇది అల్లికకు పనికిరాదు."

నక్క అప్పటికే పట్కా సర్దుకుంటోంది. పక్క లోయలో సాలెపురుగులున్నాయట, వాటిని నిలబెట్టాలట. "కోట గొడ్లు కళ్లకద్దుకుని తినే గడ్డి అది. మీకు పనికిరాదని నాకెట్లా తెలుస్తుంది? మీరు నాకు చెప్పారా?"

"మీరు అడిగారా సార్?"

నక్క గడ్డి మోపువైపు ఒకసారి చూసింది. నిజంగానే ఆలోచించినట్టుంది. తర్వాత భుజాలు ఎగరేసింది. "ఏమైనా ఇక చేయూత అక్కర్లేని లోయల్లో మీది చేరింది. సంతోషించు."

రెల్లుదుబ్బు మళ్లీ మొలవలేదు. విత్తనం రాలితే కదా. వానకు కోట గడ్డి కుళ్లి వాగులో కొట్టుకుపోయింది. గూళ్లు మాత్రం అట్లాగే ఊగుతున్నాయి, పని బాగా చేశాడు కదా ఓబన్న, అంత తొందరగా తెగవు. గాలి వీస్తే తలుపుల్లోంచి ఈల వినిపిస్తుంది. ఆ దారిన పోయేవాళ్లు, "ఎంత సందడిగా ఉందో" అనుకుంటూ పోతారు.

ఒక సాయంత్రం నరసక్క తుమ్మచెట్టు కిందికి వచ్చింది. మెడ ఒరుసుకుపోయింది. "ఓబన్నా, ఈ పాడు గంట తీయవా? నా చేత కావడం లేదు."

ఓబన్న ఆమె మెడ మీద వాలి, అరిగిన ముక్కుతో తాడును పోగు పోగుగా తెంపాడు. ఎన్నో ముడులు వేసినవాడు, ఒక ముడి విప్పడానికి అంత సేపు పట్టింది. గంట జారి వాగులో పడింది. బుడుంగుమంది, అంతే.

నరసక్క తలెత్తి, గొంతంతా తెరిచి, ఎదుటి కొండ అదిరేలా అరిచింది: "కాదు! మేము ఒప్పుకోలేదు!"

ఒక్క అక్షరం పోకుండా వినబడింది. ఎంత స్పష్టంగా వినబడిందని! వినడానికి ఓబన్న తప్ప లోయలో ఎవరూ లేరు.

"ఇప్పుడు బాగా వినబడుతోంది అక్కా," అన్నాడాయన.

ఉండబోయేవాళ్లను అడగకుండా పూర్తి చేసిన ఇల్లు, ఎంత పూర్తయినా ఖాళీ ఇల్లే.

మీ ఊళ్లో పిచ్చుకలు ఇంకా ఉన్నాయి కదా? రెల్లు ఇంకా పచ్చగానే ఉంది కదా? అయితే లేవండి. రేపు చేయూత మోసుకుని ఎవరొచ్చినా దారికి అడ్డం నిలబడండి, ఎవరిని అడిగి తెచ్చావని నిలదీయండి, జవాబు వచ్చేదాకా కదలనివ్వకండి. మెడకు గంట కడతామంటే కట్టనివ్వకండి. మీ 'కాదు' వినేవాళ్లు ఊళ్లో మిగిలి ఉండగానే చెప్పండి.