దివానుగారి గృహప్రవేశం

ఏరు పొంగి మేదరపేట కొట్టుకుపోతే, ఇళ్లు కట్టించమని రాజుగారు ఖజానా తెరిచారు. ఆ సొమ్ములో సగంతో దివాను విరూపాక్షయ్య తన మేడ మీద ఇంకో మేడ లేపుకుని, మిగిలినదాంతో పేటలో పిచ్చుక గూళ్లు కట్టించాడు.

తట్టలల్లే ఎర్రక్క పేట తరఫున వెళ్లి, ఇరుకని మొత్తుకుంది.

"నలుగురు కాళ్లు చాపుకుని పడుకోవచ్చు. వాగకుండా పోవే!" అని కసిరాడు దివాను.

ఎర్రక్కకు ఒళ్లు మండింది. అయినా చేతులు కట్టుకుని, "అయితే తొలి గృహప్రవేశం తమరే చెయ్యాలి దొరా," అంది.

దివాను పొంగిపోయాడు. ముహూర్తానికి పట్టుపంచె కట్టి, ఊరంతా చూస్తుండగా ఆవు పలుపు పట్టుకుని లోపలికి నడిచాడు. వెనకే ఆవూ దూరింది. అంతే, ఇల్లు నిండిపోయింది! ఆవుకు తిరిగే చోటు లేదు, వెనక్కి నడవమంటే నడవదు. దివాను బల్లిలా గోడకు అతుక్కుపోయాడు.

"చచ్చాన్రోయ్! గోడ పడగొట్టండి!"

గునపాలు అందుకోబోయిన వాళ్లను ఎర్రక్క ఆపి, ఆవు తోక పక్కకు తప్పించి లోపలికి కేకేసింది.

"కంగారెందుకు దొరా? తమరూ ఆవూ కలిపి ఇద్దరేగా! ఇంకో ఇద్దర్ని పంపుతున్నా, సర్దుకోండి!"

"వద్దు తల్లీ! నా మేడ పడగొట్టయినా మీకు పెద్దిళ్లు కట్టిస్తా, ముందీ గోడ పడగొట్టించు!"