అత్త వేసిన వరస

తమ్ముడి పెళ్లికి బొంత కుడుతున్న మాబున్నికి ఆ పూట అన్నం సయించలేదు.

వాళ్లది కోవెలకుంట్ల దిక్కు ఒక దూదేకులవాళ్ల ఇల్లు. ఆ ఇంట్లో పెళ్లి కుదిరితే ఆడవాళ్లంతా కూర్చుని, ఇంట్లోవాళ్లు కట్టి విడిచిన చీరలు పొరలుగా పరిచి, కొత్త జంటకు బొంత కుడతారు. మొదటి వరస ఇంటికి పెద్దదిక్కయిన ఆమె వెయ్యాలి. మిగతా వరసలు దానికి అటూ ఇటూ నడుస్తాయి. ముత్తవ్వల నాటినుంచీ అదే పద్ధతి.

ఇప్పుడు పెద్దదిక్కు మేనత్త కాశింబీ. తల్లి పోయాక మాబున్నినీ, తమ్ముడు దస్తగిరినీ సాకింది ఆమే. కళ్లకు పొరలు కమ్మినా, “నా దస్తగిరి పెండ్లికి నేను గాక ఎవరేస్తారు?” అని సూది అందుకుంది. పొద్దుగూకేదాకా కూర్చుని ఒక్క వరస వేసి, నడుం పట్టుకుని లేచి, తృప్తిగా నవ్వుకుంది.

ఆ వరస మేకపిల్ల గట్టెమ్మడి పోయినట్టుంది. ఒకచోట ఎగిరింది, ఒకచోట జారింది, ఇంకోచోట నిలబడి వెనక్కి చూసింది.

మాబున్ని బొంతను చుట్టి చంకన పెట్టుకుని ఉసేనవ్వ దగ్గరకు పోయింది. తనకు సూది పట్టడం నేర్పిన గురువు ఆమె. మాబున్ని కుట్టు తాడు పట్టి గీసినట్టుంటుందని చుట్టుపక్కల ఊళ్లలో చెప్పుకుంటారు. ఆ మాట చెవిన పడ్డప్పుడల్లా ఉసేనవ్వ “ఊఁ” అనేది, అంతకు మించి ఏమీ అనేది కాదు.

“అవ్వా, పెండ్లికూతురు తట్టు ఆడోళ్లు బొంతను తిరగేసి మరీ చూస్తారు. మొదటి వరసే ఇట్లుంటే నన్నేమనుకుంటారు?”

“కాశింబీకి చెప్పినావా?”

“చెప్తే నొచ్చుకుంటాది. చూపు ఆనదు గదా, ఇది ఊడదీసి నేను నేరుగా కుట్టేస్తే తెలీదులే.” మాబున్ని కొంగున దాచి తెచ్చిన బ్లేడు అవ్వ ముందు పెట్టింది. తన చేత్తో ఊడదీయడానికి మనసు రాలేదు మరి.

ఉసేనవ్వ బ్లేడు పక్కకు జరిపింది. “సూదికి దారమెక్కించు,” అంది.

బొంత ఒళ్లోకి లాక్కుని, కాశింబీ మొదలుపెట్టిన చోటే, వేలెడు ఎడం ఇచ్చి తానూ మొదలుపెట్టింది. అత్త వరస ఎక్కడ ఎగిరితే అక్కడ ఎగిరింది. ఎక్కడ జారితే అక్కడ జారింది.

“ఏందవ్వా, నువ్వూ వంకరే కుడితివి?”

“మూడోది నువ్వు కుట్టు.”

మాబున్ని సూది తీసుకుంది. నాలుగు పోట్లు పడేసరికి చేతి అలవాటుకొద్దీ సూది నేరుగా పోయింది. అవ్వ ఆ నాలుగూ లాగేసింది. మాబున్ని మళ్లీ కుట్టింది, మళ్లీ నేరుగానే పోయింది. ఎన్ని బొంతలు కుట్టిన చెయ్యో, మేకపిల్ల వెంట పోవడం దానికి చేత కాలేదు. చివరికి ఎడమచేతి వేలు అత్త కుట్టు మీద ఆనించి, దాన్ని తడుముకుంటూ మెల్లగా కదిలింది.

“ఇక్కడ ఇంత పెద్ద పోటు ఏందవ్వా?”

“తుమ్మొచ్చింటాది.”

మాబున్నికి నవ్వొచ్చింది. ఇంకాస్త ముందుకు పోయాక తనే అంది: “ఇక్కడ కోళ్లు వడ్లమీద పడింటాయి. సూది పట్టుకునే అదిలించింటాది.”

“ఇక్కడ?”

కుట్లు చిన్నచిన్నగా, దగ్గరదగ్గరగా ఉన్నాయి. మాబున్ని వేలు అక్కడ ఆగింది. ఆ ముక్క అమ్మ చీరది.

తనూ అంతే చిన్నగా కుట్టుకుంటూ పోయింది.

పెళ్లినాటికి బొంత నిండా వరసలు పడ్డాయి. పెళ్లికూతురు అవ్వ దాన్ని తిరగేసింది, మళ్లీ బోర్లా వేసింది. “గాలికి చేను ఊగినట్టుంది. ఎవరి కుట్టమ్మా ఇది?” అనడిగింది.

“మా అత్త కుట్టు,” అంది మాబున్ని. అది చెప్పడానికి ఆమెకు క్షణం కూడా పట్టలేదు.

పెళ్లి సందడి తగ్గాక కొత్తకోడలు గౌసియా పుట్టింటినుంచి తెచ్చుకున్న పాతచీరల మూట విప్పింది. “వదినా, నాకూ నేర్పుతావా ఆ కుట్టు?”

“నాకే ఇంకా కుదరలేదు. రా.”

వసారాలో చీరలు పరిచారు. ఉసేనవ్వనూ పిలిచారు. మాబున్ని సూదికి దారమెక్కించి, కాశింబీని తీసుకొచ్చి కూర్చోబెట్టి, ఆమె చేతిలో పెట్టింది.

“నేనేం నేర్పేదే?” కాశింబీ నవ్వింది. “సూది యాడికి పోతాదో నాకే తెలీదు.”

“పోనీ,” అంది ఉసేనవ్వ, పక్కకు జరిగి చోటిస్తూ. “ఎనకాల మేమొస్తాం.”