షెడ్డులోంచి భీమిలికి

బండి అంగుళం కదలకుండా రెండొందల మైళ్లు వెళ్లగలదా? ఆలోచించి చెప్పండి. తొందరేం లేదు.

"రైలెక్కించేస్తే వెళ్తుంది అమ్మమ్మా" అన్నాడు హర్షిల్.

అది రైలు వెళ్లినట్టురా. మార్కు లేదు.

"వీడియో గేములో" అంది మౌక్తిక.

దానికి అర మార్కు. దగ్గరికొచ్చావు. ఇక వినండి.

నేను కంచరపాలెం బడిలో లెక్కలు చెప్పే రోజులు. మా బడి గోడకి ఆనుకుని దాలయ్య మేస్త్రిగారి రేకుల షెడ్డు ఉండేది. పాత కార్లు బాగుచేసేవాడు. మాటలు తక్కువ. ఆయన దగ్గర పని నేర్చుకునేవాడు ఎర్రునాయుడు. ఇరవై నాలుగేళ్లుంటాయి. వాడికి మాటలు ఎక్కువ.

ఆ షెడ్డుకి ఒకసారి ఒక కారు వచ్చింది. వచ్చింది అనకూడదు, ముక్కలు ముక్కలుగా లారీలో దిగింది. పలాస జీడిపప్పు షావుకారు కామేశం గారిది. పరుగు పందేల కోసం ఎప్పుడో ఇంగ్లండులో తయారైన రెండు సీట్ల బండి. పైన కప్పు లేదు. ముక్కు ఇంత పొడుగు, తోక ఇంత పొట్టి. చక్రాలకి సైకిలు చక్రాలకున్నట్టు ఊచలు. గోదాములో పాతికేళ్లు బస్తాల కింద పడుంది.

గురువూ శిష్యుడూ కలిసి మూడేళ్లు పనిచేశారు. దొరకని భాగాలు చేత్తో చేసుకున్నారు. చివరికి రంగు వేశారు. ఎండలో చూస్తే వెన్నలా ఉండేది, నీడలో చూస్తే ముత్యపు చిప్ప లోపలి భాగంలా ఉండేది. దాని పక్కకి వచ్చినవాళ్లు ఎందుకో గొంతు తగ్గించి మాట్లాడేవారు. మా హెడ్‌మాస్టారు మహా కోపిష్టి. ఆయన ఓరోజు దాని తలుపు మీద చెయ్యి వేసి, తియ్యడం మర్చిపోయి నిలబడిపోయాడు.

ఇంజను మొత్తం ఎర్రునాయుడే కట్టాడు. వాడికి ఒక్కటే కోరిక. ఎనభై మైళ్ల స్పీడులో ఆ ఇంజను గొంతు ఎలా ఉంటుందో ఒక్కసారి వినాలి. నిద్రలో కూడా వినబడేదట. లేచేసరికి గుర్తుండేది కాదట.

"ఐదొందల మైళ్లు నెమ్మదిగా నడుపు. ముప్పై దాటొద్దు. ఆ తరవాత బండి షావుకారుగారి చేతికి ఎల్లేదాకా నీ ఇష్టం" అన్నాడు మేస్త్రి.

ఎందుకు నెమ్మదిగా? కొత్త చెప్పులు మొదటిరోజే వేసుకుని పరిగెడితే ఏమవుతుంది? కరుస్తాయి కదా. కొత్తగా కట్టిన ఇంజనూ అంతే. లోపలున్న పిస్టన్లూ, వాటి రింగులూ ఒకదానికొకటి అలవాటుపడాలి.

కంచరపాలెం నుంచి భీమిలి వెళ్లి రావడం నలభై రెండు మైళ్లు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. మధ్యలో ఇంజను చల్లారాలి.

సముద్రం ఒడ్డున ఆ అందాల బండి ముప్పైలో పోతుంటే ఊరంతా నవ్వింది. బస్సు కండక్టరు రేకు మీద దరువేస్తూ "ఏరా, ఎడ్లు ఏటయ్యాయి?" అని అరిచేవాడు. ఓ పోస్టుమాన్ దిగుడులో సైకిలు మీద దాటిపోతూ వెనక్కి తిరిగి, "తాడుంటే ఇయ్యి తమ్ముడూ, లాక్కెల్తాను" అన్నాడు. ఎర్రునాయుడి కళ్లు రోడ్డు మీద లేవు. మీటరు మీదే ఉన్నాయి. ఒక్కో అంకె తిరగడానికి ఒక్కో యుగం.

మూడొందల మైళ్లు అయ్యేసరికి పలాస నుంచి కబురొచ్చింది. షావుకారుగారు శనివారం మధ్యాహ్నం వచ్చి బండి పట్టుకెళ్తారని. ఆ రోజు బుధవారం. ఎర్రునాయుడు లెక్క వేసుకున్నాడు. మిగిలిన రెండొందలు అయ్యేసరికి శనివారం వచ్చేస్తుంది. ఇంక తను పరిగెత్తించేది ఎప్పుడు?

మేస్త్రి ఆ రోజే ఏదో సామాను కోసం అనకాపల్లి వెళ్లాడు. ఎర్రునాయుడు మా స్టాఫ్ రూముకి వచ్చి, "టీచరుగారూ, ఫ్యాను ఓసారి ఇస్తారా?" అని అడిగాడు. ఎందుకో తెలియక ఇచ్చాను. నా తప్పూ కొంత ఉంది ఇందులో.

వాడు చేసిన పని ఇదీ. బండి వెనక భాగం జాకీతో లేపి, ఇనప స్టాండ్ల మీద నిలబెట్టాడు. ఇంజను ముందు మా ఫ్యాను పెట్టాడు. గేరు వేశాడు. చక్రాలు గాలిలో తిరగడం మొదలెట్టాయి, మీటరూ తిరిగింది. ఏడు గంటలు. నేను మూడు క్లాసులకి పాఠం చెప్పాను, గోడ అవతల ఆ బండి పోతూనే ఉంది, ఎక్కడికీ పోకుండా.

మేస్త్రి తిరిగొచ్చేసరికి బండి కిందికి దిగింది. తుడిచి ఉంది. మీటరు ఐదొందలు చూపిస్తోంది. నేను ఫ్యాను కోసం వెళ్లి గుమ్మంలో ఉన్నాను.

మేస్త్రి మీటరు చూశాడు. వంగి టైర్లు చూశాడు. ఒక్క ఇసక రేణువు లేదు. లేచి, భుజం మీది తువ్వాలు తీసి చెవులకి చుట్టుకున్నాడు.

"భీమిలి చూసి చాన్నాళ్లయిందిరా నాయినా. నన్నూ తీసుకెళ్లు."

"రండి మేస్త్రిగారూ, గేటు తీస్తాను."

"గేటెందుకురా? మీటరు తీగ ఊడదీసి జాకీ ఎత్తు. ఈ మైళ్లు లెక్కలోకి రావు."

ఎర్రునాయుడు తీగ ఊడదీశాడు. జాకీ ఎత్తాడు. ఇద్దరూ ఎక్కి కూర్చున్నారు. ఎదురుగా సున్నం కొట్టిన గోడ. దాని మీద పోయినేటి క్యాలెండరు.

ఇంజను పలికింది. సాయంత్రపు ఎండ రేకుల చిల్లుల్లోంచి చుక్కలు చుక్కలుగా బానెట్ మీద పడి వణుకుతోంది. చక్రాల ఊచల నీడ పక్కగోడ మీద తిరిగి తిరిగి పొగలా కరిగిపోయింది. ఒక్క క్షణం నాకే అనిపించింది, బండి కాదు, షెడ్డే వెనక్కి జారిపోతోందని.

మేస్త్రి తలుపు మీద మోచెయ్యి ఆనించి, తీరిగ్గా గోడకేసి చూస్తున్నాడు.

"దారిలో తొట్లకొండ వచ్చిందేటి?"

ఎర్రునాయుడు క్యాలెండరుకేసి చూశాడు.

"గాలి బావుందిరా. కొంచెం నెమ్మదించు, వలలు ఆరేసున్నారు."

వాడు నిజంగానే నెమ్మదించాడు. చెయ్యి దానంతటదే కదిలింది.

అలా గంటసేపు. నేను ఫ్యాను అడగలేకపోయాను.

"అదిగో, ఇల్లొచ్చీసింది. ఆపు" అన్నాడు మేస్త్రి. దిగి తువ్వాలు విప్పాడు. "ముసిలోణ్ణి, కళ్లు ఆనవు. నాకేటీ కనబడలేదు. నీకేవైనా కనబడిందా?"

ఎర్రునాయుడు స్టీరింగు మీద తల ఆనించాడు.

"లేదండి."

"ఇంజనుకీ కనబడలేదురా. బరువు లాగకపోతే రింగులు కుదురుకోవు. మీటరు ఏడొందలయ్యేదాకా తిప్పు. ఆ పైన ఎన్ని మైళ్లు మిగిల్తే అన్నీ నీవే. అన్న మాట అన్న మాటే."

కోప్పడలేదు. లోపలికి వెళ్లి మొహం కడుక్కున్నాడు.

గురువారం రెండుసార్లు, శుక్రవారం రెండుసార్లు. శనివారం పొద్దున చివరిసారి. ఐదు నలభైరెళ్లు ఎంతో మీరే చెప్పండి. రెండొందల పది కదా. అంటే ఆఖరిసారి తిరిగొచ్చేటప్పుడు వాడికి పది మైళ్లు మిగులుతాయి. సముద్రం పక్కన ఖాళీ రోడ్డు. మా స్టాఫ్ రూములో కూడా అందరం చెవులు నిక్కించుకునే ఉన్నాం, ఆ గొంతు ఊళ్లోకి వినబడుతుందేమోనని.

వినబడలేదు.

కామేశం గారు అప్పటికే వచ్చి స్టూలు మీద కూర్చుని టీ తాగుతున్నారు. బండి ముప్పైలోనే సందు తిరిగి, ముప్పైలోనే వచ్చి ఆగింది. ఎర్రునాయుడి జుట్టు నిండా ఉప్పుగాలి. మొహం అప్పుడే నిద్రలేచినవాడిలా ఉంది.

మేస్త్రి వంగి చూశాడు. "ఏడొందల పదిరా."

"అవునాండీ?" అని వాడూ వంగి చూశాడు. ఆ పొద్దున మీటరు చూడటం అదే మొదలని తెలిసిపోతోంది.

"పది మైళ్లు నీవి గదరా."

"వలలు ఆరేసున్నారండి" అన్నాడు వాడు.

షావుకారుగారు గ్లాసు కింద పెట్టి, బండి చుట్టూ తిరిగి, కుర్రాడిలా అయిపోయారు. "ఏమయ్యా, వంద కొడుతుందంటావా?"

"తెలీదండి" అన్నాడు ఎర్రునాయుడు. తాళం ఆయన చేతిలో పెట్టాడు. "బాబూ, భీమిలి మీంచి ఎల్లండి. కొంచెం చుట్టే గానీ..."

వాడి చెయ్యి సముద్రం వైపు చూపిస్తోంది.

"అమ్మమ్మా, ఇంతకీ ఎందుకు స్పీడుగా నడపలేదు?" అన్నాడు హర్షిల్.

మౌక్తిక వాణ్ణి మోచేత్తో పొడిచి, కిటికీలోంచి చూస్తూ ఉండిపోయింది.

ఉండండర్రా. చింతపండు గింజలు తీస్తూ సగంలో లేచొచ్చాను, మిగతాది చూసుకోవాలి.