లేయమ్మ పెట్టిన ముద్ద

ఏటికి గట్లు వేయని కాలం. తుంగ మనిషి తల దాటి పెరిగే కాలం. అది ఎప్పటిదని అడక్కండి. మా అమ్మమ్మకు వాళ్ళ అమ్మమ్మ చెప్పినప్పుడే అది పాత సంగతి. విన్నది విన్నట్టు చెబుతాను, కాసేపు కూర్చోండి.

ఏటి ఒడ్డున ఒక పేట ఉండేది. పేటంతా చాపలు అల్లేవాళ్ళే. తుంగ కోసేవాళ్ళు, ఎండబెట్టేవాళ్ళు, చాప అల్లి సంతకు మోసేవాళ్ళు. పేట మధ్యన తాటాకుల ప్రార్థన పాక. అందులో ఒక ఇత్తడి దీపం. వాక్యం చదివి చెప్పడానికి ఒక ఉపదేశి గారు.

ఆ పేటలో లేయమ్మ ఉండేది. మొగుణ్ణి ఏరు మింగేసింది. కొడుకు రూబేను, కూతురు కెజియ. ముగ్గురూ చాపలు అల్లుకుని బతికేవాళ్ళు.

లేయమ్మకు అక్షరం ముక్క రాదు. అయితే ఆమెకొక అలవాటుండేది. ఆదివారం పాకలో విన్నదాన్ని సోమవారం ఇంట్లో వెతుక్కునేది. పులిసిన పిండి సంగతి వింటే, మర్నాడు పిండి కుండ మూత తీసి చూస్తూ కూర్చునేది. తప్పిపోయిన గొర్రె సంగతి వింటే, గంప కింద మూసే కోళ్ళలో ఒకటి తగ్గితే చాలు, దానికోసం పొదలన్నీ తిరిగేది. శిష్యుల కాళ్ళు కడిగిన సంగతి వింటే, బురదతో వచ్చిన కొడుకు కాళ్ళు కడగబోయేది. వాడు సిగ్గుపడి పారిపోయేవాడు.

"పాకలో ఉన్న దేవుణ్ణి ఈవిడ పొయ్యి దగ్గర వెతుకుతుందేమిటి?" అని ఇరుగుపొరుగు అనుకునేవాళ్ళు. ఆమెకేదో మతి తేడా ఉందని కొందరి అనుమానం.

కెజియకు పెళ్ళయింది. అల్లుడి పేరు సీమోను. ఎక్కడో మెట్ట ఊరివాడు. అయినవాళ్ళు ఎవరూ లేక ఇల్లరికం వచ్చాడు. మనిషి మంచి పొడుగు. కానీ మాట తడబడేది. ఒక్క మాట బయటికి రావాలంటే పెదవులు వణికేవి, మెడ నరాలు ఉబ్బేవి. అందుకని అతను నలుగురిలో నోరు తెరిచేవాడు కాదు.

అతనికి చాప అల్లడం కొత్త. వెలుతురు బాగుంటుందని లేయమ్మ వాకిట్లో ఉన్న మగ్గం అతనికిచ్చింది. అప్పటిదాకా అక్కడ రూబేను కూర్చునేవాడు. రూబేను తన చాప లోపలికి ఈడ్చుకుపోయి మూలనున్న పాత మగ్గం దగ్గర కూర్చున్నాడు.

సీమోను రోజూ తెల్లవారగానే ఒక్కడే తుంగలోకి పోయేవాడు. చేతిలో కొడవలి ఉండేది కాదు. వచ్చేటప్పుడు భుజాన మోపూ ఉండేది కాదు. పేట కళ్ళు అతని వెనకే పోయేవి.

"కోతకు పోడు, స్నానానికి పోడు. ఆ తుంగలో వీడికేం పని?"

కొన్నాళ్ళకు దానియేలు కొడవలి పోయింది. దానియేలు పేటకు పెద్ద. అరుగు మీద పెట్టిన కొడవలి పెట్టినచోట లేదు. చూసినవాళ్ళు లేరు. అన్నవాళ్ళు మాత్రం ఉన్నారు.

ఇంకొన్నాళ్ళకు రాహేలమ్మ అల్లిన పెళ్ళి చాప పోయింది. ఆమె కూతురి పెళ్ళికని వానాకాలమంతా కూర్చుని, ఎర్రరంగు అంచులు పెట్టి అల్లిన చాప అది. చూసినవాళ్ళు లేరు. అన్నవాళ్ళు మాత్రం ఉన్నారు.

ఆ తర్వాత ప్రార్థన పాకలో దీపం పోయింది. అప్పుడు పేట గుండె ఝల్లుమంది. దేవుడి దీపం తీసినవాడు రేపు దేనికైనా తెగిస్తాడన్నారు. చూసినవాళ్ళు లేరు. అన్నవాళ్ళు మాత్రం ఊరంతా ఉన్నారు.

పెద్దలు సీమోనును పిలిచి అడిగారు. అతను నోరు తెరిచాడు. పెదవులు వణికాయి. మాట రాలేదు.

"తప్పు చెయ్యనివాడు ఎందుకిలా వణుకుతాడు?" అన్నాడు దానియేలు. "సోమవారం పొద్దెక్కాక పాక ముందు కూర్చుంటాం. నిజం చెప్పాలి, లేదంటే ఏరు దాటి పోవాలి."

ఏరు అప్పుడు నిండుగా పారుతోంది. కెజియ నిండు చూలాలు. అవతలి ఒడ్డున వాళ్ళకు నిలవడానికి నీడ లేదు.

ఇక లేయమ్మ సంగతి. ఆమె ఏమైనా దేవతా? ఆమెకూ అనుమానం వచ్చింది. అల్లుడు పక్కనుంచి నడిచిపోతే అతని పంచె మడతల వైపు చూసేది. కెజియ కళ్ళలోకి చూసి, ఈ పిల్లకు తెలిసే దాస్తోందా అనుకునేది. చివరికి బియ్యం కుండను కూడా తీసి తన మంచం కింద గోనెపట్టా కప్పి పెట్టుకుంది.

అది కెజియ చూసింది. "కుండెందుకమ్మా అక్కడ పెట్టావు?" అంది.

"ఎలకలు ఎక్కువయ్యాయే" అంది లేయమ్మ.

కెజియ లోపలికి పోయి తన బట్టలు మూట కట్టుకోవడం మొదలుపెట్టింది.

ఆదివారం వచ్చింది. దీపం లేని పాకలో జనం కూర్చున్నారు. ఒకరి పక్కన ఒకరు ఆనుకుని కూర్చునేవాళ్ళు, ఆ రోజు ఎడం ఎడంగా కూర్చున్నారు. ఉపదేశి గారు ప్రభువు చివరి విందు సంగతి చదివారు. తనను శత్రువులకు పట్టించబోతున్న శిష్యుడు యూదాకు ప్రభువు ముద్ద ముంచి ఇచ్చాడని చెప్పారు.

లేయమ్మ లేచి నిలబడింది. "అయ్యగారూ, యూదా ఏం చెయ్యబోతున్నాడో ఆయనకు తెలుసా?"

"తెలుసమ్మా."

"తెలిసే ముద్ద పెట్టాడా?"

"తెలిసే పెట్టాడు."

"పెట్టాక వాడు మారాడా?"

"లేదమ్మా. లేచి వెళ్ళిపోయాడు."

లేయమ్మ కూర్చుంది.

సోమవారం పొద్దున్నే మంచం కిందనుంచి బియ్యం కుండ బయటికి తీసింది. అన్నం వండింది. గోంగూర పచ్చడి నూరింది. పెద్ద మట్టి మూకుట్లో అన్నమూ పచ్చడీ కలిపింది. పెద్దలు కూర్చునే వేళ కావస్తోంది. రూబేనునూ కెజియనూ సీమోనునూ పిలిచి వాకిట్లో కూర్చోబెట్టింది. గుమ్మం ముందునుంచి పాక దగ్గరికి పోతున్న జనం ఆగి చూశారు.

లేయమ్మ ముద్ద చేసి అల్లుడి నోటి ముందు పెట్టింది. అత్త అల్లుడికి చేత్తో తినిపించడం ఆ పేటలో ఎవరూ ఎరగరు. సీమోను వెనక్కి జరిగాడు.

"నాయనా, నిన్ను అనుమానించాను" అంది లేయమ్మ. "నీకు భయపడి బియ్యం దాచాను. ఇది తిను. తిన్నాక నువ్వు చెప్పేది వింటాను. నువ్వు తీశానన్నా సరే, రేపూ పెడతాను."

సీమోను తిన్నాడు. కళ్ళవెంట నీళ్ళు కారాయి. పచ్చడి కారమో, మరేమిటో. తర్వాత చెప్పడం మొదలుపెట్టాడు. మాట ముక్కలు ముక్కలుగా వచ్చింది. లేయమ్మ తొందరపెట్టలేదు.

"నే... నేను తీ... తీయలేదత్తా."

"మరి తుంగలోకి ఎందుకు పోతావు?"

"ప్రా... ప్రార్థన. మనింట్లో అన్నం ముందు అం... అందరూ వంతులేసుకుని ప్రార్థన చేస్తారుగా. నా వంతు వచ్చినప్పుడు త... తడబడకూడదని. అక్కడ ఎవరూ వినరని."

గుమ్మం ముందు నిలబడ్డవాళ్ళలో కొందరు తలలు దించుకున్నారు. కొందరు దించుకోలేదు. "మాట బాగానే కట్టాడు" అని ఎవరో గొణిగారు.

లేయమ్మ కూతురికి ఒక ముద్ద పెట్టింది. కెజియ తిన్నది. మూడో ముద్ద చేసి రూబేను నోటి ముందు పెట్టింది. రూబేను నోరు తెరవలేదు.

"తినరా."

"వద్దు."

"ఆకలి లేదా?"

"వద్దన్నాగా."

లేయమ్మ చెయ్యి అలాగే ఉంచింది. వేళ్ళకంటిన మెతుకులు ఆరిపోతున్నాయి. కొడుకు ఆమె కళ్ళలోకి చూడడం లేదు. ఆమె అనుమానం ఇన్నాళ్ళూ అల్లుడి మీదే తిరిగింది. ఒక్కసారి కూడా ఇటు తిరగలేదు.

"రూబేనూ" అంది మెల్లగా.

"అవన్నీ తుంగలో ఉన్నాయి" అన్నాడు రూబేను. "పడవరేవు పక్కన, బురదలో. నేనేమీ అమ్ముకోలేదమ్మా. వాడు పోతే చాలనుకున్నాను. నా మగ్గం వాడికిచ్చావు. నాన్న పోయినప్పటినుంచి నేను కూర్చున్న చోటు. నన్ను ఒక్క మాటైనా అడగలేదు."

లేయమ్మ ముద్ద వెనక్కి తీసుకుంటుందనుకున్నారు చూసేవాళ్ళు. ఆమెకూ ఆ క్షణాన అలాగే అనిపించిందట. అల్లుడికి పెట్టినప్పుడు ఆమెకు ఏమీ తెలియదు. ఇప్పుడు తెలుసు.

"అడగకపోవడం నా తప్పు. తీయడం నీ తప్పు" అంది. "నోరు తెరువు నాయనా."

రూబేను నోరు తెరిచాడు. మింగలేక మింగాడు. లేచి తిన్నగా తుంగలోకి పోయి మూడింటినీ తెచ్చాడు. కొడవలి తుప్పుపట్టింది. దీపానికి సొట్ట పడింది. పెళ్ళి చాప బురదలో నాని, పట్టుకుంటే పోగులుగా ఊడింది.

పాక ముందు పెద్దలు కూర్చున్నారు. రూబేను అన్నీ వాళ్ళ ముందు పెట్టి నిజం చెప్పాడు. రాహేలమ్మ తన చాప చూసుకుని ఏడ్చింది. దానియేలు ముఖం నల్లబడింది.

"నీకు ముందే తెలుసు" అన్నాడు లేయమ్మతో. "కొడుకును కాపాడుకోవడానికి నింద అల్లుడి మీదికి రానిచ్చావు. ఇప్పుడు కెజియ కాన్పు దగ్గరపడిందని బయటపెట్టావు."

"లేదు పెద్దయ్యా."

"ఎలా నమ్మమంటావు?"

లేయమ్మ మూకుడు చంకన పెట్టుకుని వచ్చింది. దాన్ని పెద్దల ముందు పెట్టింది.

"నన్ను నమ్మవద్దు. వాడికి ఏ శిక్షయినా వెయ్యండి. ఏరు దాటమంటే దాటుతాడు. కానీ ముందు మీ చేత్తో ఒక ముద్ద పెట్టి, ఆ తర్వాత చెప్పండి. అంతే అడుగుతున్నాను."

దానియేలు మూకుడు వైపు చూశాడు. చెయ్యి చాపలేదు. పక్కన కూర్చున్న పెద్దమనిషీ చెయ్యి ముందుకు పెట్టలేదు. రాహేలమ్మ ముఖం తిప్పుకుంది.

అప్పుడు జనంలోంచి సీమోను ముందుకొచ్చాడు. మూకుడు ముందు గొంతుక్కూర్చున్నాడు. ఒక ముద్ద చేశాడు. రూబేను నోటికి అందించాడు. "బా... బావా" అన్నాడు. ఆ తర్వాత మాట ఎంతకీ రాలేదు. రూబేను ఆ ముద్ద తిని, అతని భుజం మీద తల పెట్టి ఏడ్చాడు.

ఆ రోజు రూబేనును ఎవరూ ఏరు దాటించలేదు. రాహేలమ్మ కూతురికి కొత్త పెళ్ళి చాప అల్లి ఇమ్మన్నారు. సీమోను తుంగ కోశాడు, రూబేను అల్లాడు. వాకిట్లో రెండు మగ్గాలూ పక్కపక్కన పట్టాయి. కాస్త ఇరుకైంది, అంతే. రాహేలమ్మ మాత్రం చాప తీసుకునేటప్పుడు అటూ ఇటూ తిప్పి తిప్పి చూసింది. రూబేను వీధిలో నడుస్తుంటే చాలాకాలం ఆడవాళ్ళు అరుగుల మీది సామాను లోపల పెట్టుకునేవాళ్ళు. అనుమానం ఒక్క ముద్దతో పోయేది కాదు. అది తెలిసినట్టే లేయమ్మ రోజూ పెట్టింది. ఆమె చేతిలో పెరిగిన మనవలు కూడా అలాగే తిన్నారు.

లేయమ్మ పండు ముసలిదై కన్నుమూసింది. ఏటి ఒడ్డునే పూడ్చారు. గుర్తుకు రాయి కూడా లేదు. ఏరు పొంగినప్పుడు ఆ చోటు ఎక్కడో కూడా తెలియకుండా పోయింది.

ఆ పేటలో ఎవరి మీదైనా నింద వస్తే ఇప్పటికీ పెద్దలు ముందు అన్నం తెప్పిస్తారు. నింద వేసినవాడు తన చేత్తో కలిపి, నింద పడ్డవాడికి ఒక ముద్ద పెట్టాలి. దాన్ని లేయమ్మ ముద్ద అంటారు. చెయ్యి చాపడం ఇష్టం లేక, అసలు నిందే మానుకుని లేచిపోయినవాళ్ళున్నారు. మధ్యలో కొందరు, ముద్ద తినలేనివాడే దొంగ అని, దాన్ని దొంగను పట్టే ఉపాయం చేసుకుందామని చూశారు. ఒక దొంగ ముద్ద తిని, ఇంకో ముద్ద అడిగి తిని, మూతి తుడుచుకుని పోయాడు. మర్నాడు దొంగతనం చేస్తూ పట్టుబడ్డాడు. వాడికి మళ్ళీ పెట్టారు.

ముద్ద పెట్టాక తిన్నవాడు నమిలి మింగేదాకా అక్కడ ఎవరూ మాట్లాడరు. ఎంతసేపైనా సరే, కూర్చునే ఉంటారు.