మునిగిన గింజలు

మాఘ బహుళ పంచమి, గురువారం, పొద్దున్న ఎనిమిది గంటలు. కాలవగట్టు పక్కనున్న పశువుల పాకలో ఉడుత వరహాలమ్మ తూర్పుకి తిరిగి దణ్ణం పెట్టుకుని, చూరులోంచి విత్తనాల మూట కిందికి దించింది. చలి వెనకపట్టు పట్టింది. మామిడిపూత వాసన పాకలోకి వస్తోంది. బెండ, బంతి వెయ్యడానికి ఇంతకంటే మంచి అదను దొరకదు.

మూట విప్పగానే ఆవిడ ప్రాణం ఉసూరుమంది. బూడిద కలిపి దాచిన గింజలే, కానీ కార్తీకంలో కురిసిన వానకి చూరు కారి మూటకి చెమ్మ తగిలింది. బంతి విత్తనం వేరే పొట్లంలో ఉండబట్టి బతికిపోయింది. బెండ గింజలకి మాత్రం పురుగు పట్టింది.

"అయ్యో అత్తయ్యా, అన్నీ పోయినట్టేనా?" అంది కోడలు చిట్టెమ్మ.

"అన్నీ ఎందుకు పోతాయే? పైకి చూస్తే తెలీదు, నీళ్ళలో పోస్తే తెలుస్తుంది. డొల్లవి తేలతాయి, గట్టివి మునుగుతాయి. మా అత్తగారు కాపరానికొస్తూ పుట్టింటి నించి బుగ్గలో దాచుకుని తెచ్చిన తెల్లబెండ ఇది. ఈ చుట్టుపక్కల మరెవరి దగ్గరా లేదు. ఈ ఏడు మొలవకపోతే ఆవిడ పేరు చెప్పి వండుకునే కూర ఇక ఉండదు."

ఇద్దరూ కలిసి గింజల్ని ఓ అంచు విరిగిన మూకుట్లో నీళ్ళలో పోశారు. కాసేపటికి సగం పైకి తేలాయి, సగం అడుక్కి దిగాయి. "సగమన్నా మిగిల్చాడు స్వామి" అని వరహాలమ్మ మళ్ళీ ఓ దణ్ణం పెట్టింది.

"ఏం వదినా, నన్ను పిలవకుండానే పంపకాలా?"

గుమ్మంలో చలమయ్య నక్క నిలబడి ఉన్నాడు. ఆ పల్లంలో తనంత తెలివైనవాడు లేడని చలమయ్య నమ్మకం. పుట్టి బుద్ధెరిగాక ఎవరి మాటా నమ్మలేదు. తన మాట ఎవరైనా నమ్మకపోతే మాత్రం ఎక్కడలేని కోపం వచ్చేది.

పాకలో గడ్డి నెమరేస్తున్న ముసలి ఎద్దు అప్పన్న తల తిప్పాడు. "పంపకాలేంటిరా? విత్తనం ఆవిడది."

"గట్టు నాది బాబాయ్. నా బొరియ ఎదురుగానే కదా మీరు పాదులు చేసేది? సగం గింజలు నాకిస్తే సరి. లేదంటే రేపు మీరు నాటడం, ఎల్లుండి నేను తవ్వెయ్యడం. నాకు వేరే పనేం లేదు."

అప్పన్న కొమ్ములు విదిల్చాడు గానీ, మెడకున్న పలుపు గుంజకి కట్టి ఉంది. పాక దాటి పోలేడు. ఆ సంగతి చలమయ్యకీ తెలుసు.

"నీకు బెండ విత్తనాలెందుకు మావయ్యా? ఎప్పుడైనా ఓ కాయ కొరికావా?" అంది చిట్టెమ్మ.

"నేను తినక్కర్లేదమ్మాయ్. ఎండలు ముదిరేసరికి కూరాకు కోసం మీరంతా నా గుమ్మం ముందు నిలబడితే చాలు. కడుపు నిండిపోతుంది."

చిట్టెమ్మ అత్తగారి చెవి దగ్గర చేరింది. "తేలినవే మంచివని చెప్పెయ్యండి అత్తయ్యా. పట్టుకుపోతాడు, పీడా పోతుంది."

"ఈ నోటితో అబద్ధమాడి ఈ చేత్తో విత్తనం నాటమంటావా? మొలవదే తల్లీ" అంది వరహాలమ్మ, అంతే మెల్లగా.

"ఏంటా గుసగుసలు?" చలమయ్య మూకుడు దగ్గరికొచ్చి తొంగి చూశాడు. "ఓహో, వాటాలు వాటంతటవే అయ్యాయే! తేలినవొకటి, మునిగినవొకటి. ముందు కోరుకునేది నేను. కోరుకున్నాక మళ్ళీ మీ పాదుల జోలికొస్తే ఒట్టు. ఇదుగో, నా తోక పట్టుకుని చెబుతున్నా. ఇప్పుడు చెప్పు వదినా, వీటిలో ఏవి మంచివి?"

వరహాలమ్మ నీళ్ళ అడుగుకి చూసింది. గింజలన్నీ ఒకదాన్నొకటి ఆనుకుని అక్కడ పడుకున్నాయి. నోరు తెరిస్తే అవి పోతాయి. తెరవకుండా ఉందామంటే వాడు కదిలేలా లేడు. ఆవిడ కళ్ళు మూసుకుని, లోపల ఏదో అనుకుని, మళ్ళీ తెరిచింది.

"మునిగినవే మంచివి చలమయ్యా. తేలినవి డొల్లలు."

చిట్టెమ్మ తల పట్టుకుని కూలబడింది. అప్పన్న నెమరెయ్యడం ఆపేశాడు.

చలమయ్య ముగ్గురి మొహాలూ వరసగా చూసి పగలబడి నవ్వాడు. "కోడలు బలే ఏడుస్తోంది! ఎవరు నేర్పారమ్మా నీకు నాటకాలు? వదినా, నీ వీపు మీద రాముడి వేళ్ళున్నాయని నేను చెవిలో పువ్వు పెట్టుకుంటాననుకున్నావా? ఇంట్లో మంచి సరుకు ఎక్కడుందో ఎదుటివాడికి ఎవడైనా చూపిస్తాడా? నేనైతే చస్తే చూపించను. అయినా మీగడ ఎక్కడుంటుంది, పాల పైనా, అడుగునా?"

"ఇంకోసారి ఆలోచించుకో నాయనా" అంది వరహాలమ్మ. నిజంగానే అంది.

"అదుగో! ఆ 'నాయనా' దగ్గరే దొరికిపోయావు."

తేలిన గింజలన్నీ ఓ మోదుగాకులో దేవుకుని, ఒక్కటి కూడా వదలకుండా, చలమయ్య ఈల వేసుకుంటూ వెళ్ళిపోయాడు.

వాడు కనుమరుగయ్యాక చిట్టెమ్మకి నవ్వు ఆగలేదు. "పాపం, నవ్వకే" అంటూనే వరహాలమ్మ మూతి తుడుచుకుంది. మునిగిన గింజల్ని తడిగుడ్డలో మూటగట్టి, వెచ్చగా ఉంటుందని అప్పన్న పొట్ట పక్కన గడ్డిలో దాచింది. "కాస్త కదలకుండా పడుకో అన్నయ్యా" అంది.

"ఈ వయసులో పొదగడం కూడా రాసిపెట్టి ఉంది నాకు" అన్నాడు అప్పన్న, సంతోషంగా.

దీపాలు పెట్టే వేళకి చలమయ్య రొప్పుతూ వచ్చాడు. మూతినిండా తెల్లటి పొడి.

"మోసం! దగా! ఆరబెడితే సగం గాలికెగిరిపోయాయి. తక్కినవి కొరికితే ఇదుగో, ఈ పొడి!"

"పొద్దున్న ఆవిడ నీకేం చెప్పింది?" అన్నాడు అప్పన్న.

"మునిగినవే మంచివంది."

"తేలినవో?"

"డొల్లలంది."

"మరి మోసం ఎక్కడుందిరా?"

చలమయ్య మూతికంటిన పొడి తుడుచుకున్నాడు. "నిజం చెబుతుందని నేనెలా అనుకుంటాను బాబాయ్? అలా చెబితే ఎవరైనా పడిపోరూ?" కోపం పట్టలేక గట్టు వైపు తిరిగాడు. "ఒట్టూ లేదు, గిట్టూ లేదు. ఏం నాటతారో నేనూ చూస్తాను!"

"చూద్దువుగానిలే. కాలవ అవతల మీ నక్కలంతా రేపు నీళ్ళకొస్తారు కదా. నిజం చెబితే మోసపోయినవాడి కథ వాళ్ళకి నేనే చెబుతాను. బాగా నవ్వుకుంటారు" అన్నాడు అప్పన్న.

చలమయ్య కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. గొంతు తగ్గింది. "బాబాయ్... ఎవరికీ చెప్పకు. మీ పాదులు మీరు చేసుకోండి. నేనసలు అటు చూడను."

"చెప్పంలే" అంది వరహాలమ్మ. "కాయలొచ్చాక రా, కూర పెడతాను."

ఆ మాట కూడా చలమయ్య నమ్మలేదు. తల వంచుకుని వెళ్ళిపోయాడు.

శుక్రవారం పొద్దున్నే వరహాలమ్మ మూట విప్పితే గింజలు నీళ్ళు తాగి బొద్దుగా ఉన్నాయి. ఒకటి రెండు పగిలి, లోపల తెల్లగా కనిపిస్తున్నాయి. గట్టు మీద ఓ చిన్న రాయికి పసుపు రాసి బొట్టు పెట్టారు. చిట్టెమ్మ మన్ను గుల్ల చేసి అప్పన్న పేడ కలిపింది. అత్త గింజలు పెడుతూ పోతుంటే కోడలు మన్ను కప్పుతూ పోయింది. చుట్టూ బంతి విత్తనం చల్లి, నీళ్ళు చిలకరించి, పాకలోకి తిరిగొచ్చి, అప్పన్నతో కలిసి ముగ్గురూ తలో బెల్లంముక్క నోట్లో వేసుకున్నారు.

నీతి: అబద్ధం మీద బతికేవాడికి, నిజం ఎదురొచ్చి చెప్పినా అక్కరకు రాదు.